ఒక్క గుహకు దిక్కెవరు?

కోలారు జిల్లా హనుమనహళ్ళి దగ్గర రాతికొండలో ఒక గుహ ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం బతికి ఉన్నట్టు తెలిసిన చోటు ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. డీటర్ కాక్, హెచ్‌.ఆర్‌. భట్ అనే శాస్త్రవేత్తలు 1994లో దీన్ని కొత్త జాతిగా ప్రకటించారు. అప్పటికి దీనికి హనుమనహళ్ళిలోనూ తేరహళ్ళిలోనూ నివాసాలుండేవి. ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి భార్గవి శ్రీనివాసులు, చేల్మల శ్రీనివాసులు బృందం వచ్చి వెతికింది. అప్పటికే తేరహళ్ళిలో ఆ గబ్బిలం లేదు. హనుమనహళ్ళిలో మిగిలినవి రెండు వందలకు మించవని లెక్క తేలింది. ఒక జాతి మొత్తానికి చిరునామా ఒక్క గుహ అయినప్పుడు ఆ కొండను ఏలే యంత్రాంగం మీద ఎంతటి బాధ్యత పడుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ బాధ్యతను కర్ణాటక ప్రభుత్వ శాఖలు పాతికేళ్ళపాటు విస్మరించాయన్నదే ఈ సంపాదకీయం మోపుతున్న అభియోగం.

ఆ గుహ ఉన్నది గ్రానైటు కొండలో. గ్రానైటుకు ధర ఉంది, గబ్బిలానికి లేదు. అందుకే గుహ పరిసరాల్లో రాతి తవ్వకాలు సాగాయి. వాటిలో అక్రమ తవ్వకాలూ ఉన్నాయి. ఈ జాతికి అన్నిటికంటే పెద్ద ముప్పు గ్రానైటు తవ్వకమేనని పరిశోధకులు రాశారు. ప్రకృతి పరిరక్షణకు పాటుపడే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016లో దీన్ని అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జీవుల వర్గంలో చేర్చింది. ఇంత జరిగాక 2019లో గుహ చుట్టూ ఉన్న సుమారు 30 ఎకరాలను రక్షిత ప్రాంతంగా నోటిఫై చేశారు. బ్యాట్ కన్సర్వేషన్ ఇండియా ట్రస్టు, రాష్ట్ర అటవీశాఖ కలిసి ఆ గబ్బిలం మీద పని మొదలుపెట్టాయి. ఆ పని మెచ్చుకోదగ్గదే. అయితే 1994కూ 2019కీ మధ్య గడిచిన కాలానికి జవాబు చెప్పేవాళ్ళు లేరు. తేరహళ్ళి గూడు ఖాళీ అయింది ఆ కాలంలోనే.

చట్టం కూడా ఈ జీవికి అండగా నిలవలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 2022లో సవరణ జరిగేదాకా మన దేశపు గబ్బిలాల్లో రెండంటే రెండు జాతులకే మొదటి షెడ్యూలులో చోటిచ్చింది. పండ్లు తినే గబ్బిలాలనైతే ఎలుకలు, కాకుల సరసన హానికర జీవుల జాబితాలో పెట్టింది. రెండు వందలైనా లేని కోలారు గబ్బిలం ఆ షెడ్యూళ్ళలో ఎక్కడా లేదు. పులినో ఏనుగునో చంపినవాడు జైలుకు వెళ్ళే దేశంలో, ఒక జాతి తలదాచుకున్న ఆఖరి గుహను పేల్చినవాడిని ఆ జాతి పేరు చెప్పి బోనెక్కించే వీలు లేకపోయింది. గబ్బిలం ఇంట్లోకి వస్తే అపశకునమనే సమాజం మనది. 2020 మహమ్మారి ఆ భయాన్ని ద్వేషంగా మార్చింది. అదే సమాజంలో కవి జాషువా తన కావ్యంలో గుండెబరువును శివుడికి విన్నవించడానికి గబ్బిలాన్నే దూతగా ఎంచుకున్నాడు. ఆ కావ్యాన్ని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న తెలుగువాళ్ళు ఈ జీవిని చూసి అసహ్యించుకుని తప్పుకోవడం తగదు.

హనుమనహళ్ళి గబ్బిలం ఇంకెక్కడా లేకపోవడం వింతేమీ కాదు. దాని వెనుక ఒక ప్రకృతి సూత్రం ఉంది: విడిగా ఉండిపోయిన చోట విడి జాతి తయారవుతుంది. ఆ సూత్రం ముందుగా బయటపడింది కోలారుకు ఎంతో దూరాన, పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న గలాపగోస్ దీవుల్లో. 1835 సెప్టెంబరులో బీగిల్ ఓడ మీద అక్కడికి చేరిన చార్లెస్ డార్విన్ మాకింగ్ బర్డ్ అనే బూడిదరంగు పిట్టలను పట్టాడు. అవి పొడవాటి కాళ్ళతో నేల మీద పరుగులు తీస్తాయి. పురుగులు, పండ్లు, బల్లులు, పక్షిగుడ్లు, ఏది దొరికితే అది తింటాయి. మొదట దిగిన శాన్ క్రిస్టొబాల్ దీవి పిట్టకూ, తర్వాత దిగిన ఫ్లొరియానా దీవి పిట్టకూ తేడా ఉందని డార్విన్ గమనించాడు. ఫించ్ పిట్టల విషయంలో ఏది ఏ దీవిదో సరిగా రాసుకోని ఆయన, మాకింగ్ బర్డ్‌ల విషయంలో మాత్రం దీవి పేరుతో సహా రాసిపెట్టుకున్నాడు. లండన్ చేరాక 1837లో పక్షిశాస్త్రవేత్త జాన్ గూల్డ్ వాటిని పరీక్షించి, అవి మూడు వేర్వేరు జాతులని తేల్చాడు. జాతులు ఎప్పటికీ మారవన్న నమ్మకంలో డార్విన్‌కు పడిన తొలి పగుళ్ళలో ఇదొకటి. 1859లో వెలువడిన ఆయన మహాగ్రంథం వెనుక ఈ పిట్టల పాత్ర ఉంది.

డార్విన్ అక్కడికి వెళ్ళిన యాభై ఏళ్ళలోపే ఫ్లొరియానా దీవి మీద ఆ పిట్ట మాయమైంది. మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, పిల్లులు గూళ్ళను దోచాయి. పిట్ట గూడు కట్టుకునే, ఆకలి తీర్చుకునే నాగజెముడు చెట్లను మేకలు, పశువులు మేసేశాయి. ఎలుకలూ పిల్లులూ చేరని రెండు చిన్న దిబ్బల మీద, చాంపియన్, గార్డ్‌నర్ అనే లంకల మీద, కొన్ని వందలు మాత్రం మిగిలాయి. నూట యాభై మందికి మించని జనంతో ఉన్న ఆ దీవిలో ఎలుకలనూ పిల్లులనూ పూర్తిగా తొలగించే పని 2023 చివర్లో మొదలైంది. ఆ పిట్టను మళ్ళీ దాని సొంతచోటికి చేర్చాలన్నదే లక్ష్యం. మెక్సికోకు చెందిన సొకోరో దీవిలో ఇంకో మాకింగ్ బర్డ్ జాతి ఉంది. 1869లో అక్కడ వదిలిన గొర్రెలు పొదలను తినేయడంతో ఆ పిట్టకు నిలువనీడ కరువైంది. గొర్రెలను చివరిదాకా ఏరేసేసరికి 2012 వచ్చింది. ఒక్కసారి చేసిన తప్పును దిద్దడానికి దాదాపు నూట నలభై ఏళ్ళు. పైగా గొర్రెను తిరిగి తీసుకుపోవచ్చు. పేల్చేసిన కొండను మళ్ళీ నిలబెట్టే ఉపాయం ఎవరి దగ్గరా లేదు.

సముద్రం లేకున్నా కోలారు పీఠభూమిలో దీవులున్నాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి శిలలు పొలాల నడుమ గుట్టలుగా పైకి లేచాయి. అంతరగంగ కొండలు, ఆవని, ముళబాగిలు కొండలు ఈ వరుసలోవే. 2007 దాకా కోలారు జిల్లాలోనే ఉన్న నంది కొండ కూడా ఇలాంటిదే. ఒక కొండకూ మరో కొండకూ నడుమ చదునైన పొలాలు, ఊళ్ళు, రోడ్లు. రాతి పగుళ్ళనూ బండల నడుమ పొదలనూ నమ్ముకున్న జీవికి ఆ చదును నేల దాటరాని సముద్రమే. పెద్ద పెద్ద బండలు పగటి వేడిని పీల్చుకుని రాత్రి వదులుతాయి. పగుళ్ళలో వాననీరు నిలుస్తుంది. గుహల్లో ఏడాది పొడుగునా ఒకేరకమైన చీకటి, ఒకేరకమైన తేమ ఉంటాయి. అలాంటిచోట బతకడానికి తయారైన ప్రాణి పక్క జిల్లాకు సర్దుకుని వెళ్ళలేదు. ఆకుముక్కు గబ్బిలం ముక్కుతో ధ్వనిని వదిలి, ముక్కు మీది ఆకులాంటి చర్మపు మడతలతో దాన్ని గురిపెట్టి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి చీకట్లో పురుగును పడుతుంది. ఈ కుటుంబపు గబ్బిలాలు సాధారణంగా ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. నష్టాన్ని పూడ్చుకునే శక్తి వాటికి అంతే. అప్పటిదాకా జబల్‌పూర్ ప్రాంతంలో తప్ప మరెక్కడా ఉన్నట్టు తెలియని దుర్గాదాస్ ఆకుముక్కు గబ్బిలం కూడా హనుమనహళ్ళిలోనే పరిశోధకులకు కనిపించింది. ఒక్క కొండ కడుపులో రెండు అరుదైన జాతులు! ఏ విశ్వవిద్యాలయమైనా ఇలాంటి చోటు మా జిల్లాలో ఉందని గర్వంగా చెప్పుకునేది.

ఈ కొండలకు పాటగాడూ ఉన్నాడు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసిన పసుపు గొంతు పికిలిపిట్ట అది. తల మీద జుట్టు లేని పికిలి. ఒళ్ళు ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, గొంతూ తోక అడుగూ పచ్చపసుపు. దక్షిణ దక్కన్ రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా ఉండదు. నంది కొండ, హార్స్‌లీ హిల్స్, శేషాచలం, నల్లమల, తమిళనాడులోని సెంజి, బళ్ళారి జిల్లా దరోజి, రామనగరం, అన్నీ బండలూ పొదలూ కలిసిన కొండలే. బండ ఒక్కటే ఉన్నా, పొద ఒక్కటే ఉన్నా దానికి చాలదు. పండు తిని గింజను రాతి సందులో వదిలే ఈ పిట్ట, తనకు కావలసిన పొదలను తానే నాటుకుంటుంది. ఐయూసీఎన్ లెక్కలో ఇదీ ముప్పులో ఉన్న జాతే. పదునైన చెవి ఉన్నవాళ్ళకే చిక్కే దీని పిలుపు ఒక కొండ మీద ఆగిపోతే పక్క కొండ నుంచి మరో జంట వచ్చి చేరుతుందన్న నమ్మకం లేదు. నడుమనున్న కొండలు ఒక్కొక్కటీ క్వారీలవుతున్న కొద్దీ ఆ దూరం పెరుగుతూ పోతుంది.

రెవెన్యూ దస్త్రాల్లో మాత్రం ఇదేదీ కనిపించదు. అక్కడ కొండ ఒక సర్వే నంబరు. దాని పక్కన రాసి ఉండే మాట ఖరాబు, లేకపోతే గోమాళం. సాగుకు పనికిరాదు కాబట్టి ఎందుకూ పనికిరాదని, ఎందుకూ పనికిరాదు కాబట్టి లీజుకివ్వవచ్చని అర్థం తీయడం పరిపాటి అయింది. భవనరాయి, జల్లి, గ్రానైటు చిన్నతరహా ఖనిజాల కిందికి వస్తాయి. 1957 నాటి గనుల చట్టం 15వ సెక్షను వాటి మీద పెత్తనాన్ని రాష్ట్రాలకు అప్పగించింది. కర్ణాటకలో 1994 నాటి నియమావళి ఉంది. అంటే కోలారు కొండల భవిష్యత్తు ఢిల్లీలో తేలేది కాదు. బెంగళూరులోనూ జిల్లా కేంద్రంలోనూ తేలేది. తప్పు ఎవరిదన్న ప్రశ్నకు దూరపు జవాబు వెతికే వీలు లేదు.

పర్యావరణ అనుమతి విషయంలోనూ ఇదే తప్పించుకునే ధోరణి. ఒకప్పుడు ఐదు హెక్టార్లలోపు క్వారీలకు ఆ అనుమతే అక్కర్లేదు. దాంతో దేశమంతటా పెద్ద క్వారీలను కాగితం మీద ముక్కలు చేసి అనుమతి నుంచి తప్పించుకోవడం మొదలైంది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారిని మూసింది. విస్తీర్ణం ఎంతైనా అనుమతి తప్పనిసరి అంది. కేంద్రం 2016 జనవరిలో చిన్న లీజుల అనుమతిని జిల్లా స్థాయి సంఘాలకు అప్పగించింది. ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేని కొత్త దారి ఆ విధంగా తెరుచుకుంది. 2018లో జాతీయ హరిత ట్రైబ్యునల్ దాన్నీ తప్పుపట్టింది. కోర్టు ఒక కన్నం మూస్తే ప్రభుత్వం ఇంకొకటి తెరవడం, దాన్ని మూయించడానికి మళ్ళీ పౌరులే కోర్టుకెక్కడం మన పాలనలో అలవాటైన దృశ్యమైంది. ఈ తరహా ఏర్పాటులో ఒక్కో లీజును విడివిడిగా చూస్తారు. పది లీజులు కలిసి ఒక కొండల వరుసను ఎలా తెంచేస్తాయో ఎవరూ లెక్కగట్టరు. దీవి జీవులకు చావుదెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

రాయి లేకుండా ఇళ్ళు, రోడ్లు ఎలాగన్న వాదన న్యాయమైనదే. దానికి జవాబు చెప్పి తీరాలి. కోలారు, మాలూరు ప్రాంతాల్లో తరతరాలుగా రాయి కొట్టి బతికిన కుటుంబాలున్నాయి. వడ్డర్లు, భోవులు అని పిలిచే వాళ్ళలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. ఉలి, సుత్తి, సమ్మెటతో వాళ్ళు తీసిన రాయి ఒక కొండను ఒక తరంలో మింగేయలేదు. వైరు రంపం, డ్రిల్లింగ్ యంత్రం, క్రషర్ వచ్చాక ఒక కొండ కనుమరుగు కావడానికి కొన్నేళ్ళు చాలు. ఆ యంత్రాల యాజమాన్యం ఉలి పట్టిన చేతుల్లో లేదు. వాళ్ళ వాటాగా మిగిలింది రాతిధూళి, సిలికోసిస్. రాయి కొట్టేవాళ్ళ బతుకుతెరువును ముందుపెట్టి క్వారీ యజమానుల లాభాన్ని సమర్థించడం ఆ కార్మికులకే అన్యాయం. బెంగళూరు వాడుకుని శుద్ధిచేసిన మురుగునీరు 2018 నుంచి కోలారు చెరువులకు వస్తోంది. ఆ బెంగళూరు రోడ్లకు, అపార్టుమెంట్లకు కావలసిన జల్లీ ఎం-శాండూ కోలారు కొండల నుంచి వెళ్తున్నాయి. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేని జిల్లాకు చెరువులే దిక్కు. ఆ చెరువులకు వాననీటిని దించేది ఈ బండల వాలులే. కొండను అమ్ముకునే జిల్లా తన చెరువునూ అమ్ముకుంటున్నట్టే.

కోలారు గబ్బిలాలు టమాటా పంటను కాపాడతాయని చెప్పి రైతులను ఒప్పించాలనే ఉత్సాహం కొందరిలో ఉంది. పురుగులు తినే గబ్బిలాలు మొత్తంగా పంటలకు మేలు చేస్తాయన్నది నిజం. రెండు వందల గబ్బిలాలు జిల్లా టమాటాను కాపాడతాయనడం మాత్రం సత్యానికి తగదు. ఒక జాతి బతకడానికి అది మనకు చేసే సేవను రుజువు చేయాల్సిన అగత్యం ఉండకూడదు. సింహాల కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: మనిషి ప్రయోజనాన్ని కొలబద్దగా పెట్టుకోకుండా జీవజాతి మేలును చూడాలని. రాజ్యాంగంలోని 48ఎ, 51ఎ(జి) అధికరణాలు ప్రభుత్వానికీ పౌరుడికీ వన్యప్రాణుల బాధ్యతను అప్పగించాయి. ఏనుగులకు, పులులకు మాత్రమే అని వాటిలో ఎక్కడా లేదు.

భూమి నుంచి లాగేసి వెళ్ళిపోతే ఏం మిగులుతుందో కోలారుకు చెప్పాల్సిన పనిలేదు. కోలారు బంగారు గనుల్లో 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. గనులు మూడు కిలోమీటర్ల లోతు దాటాయి. ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం బయటికి వెళ్ళింది. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు తరాల తరబడి ఆ చీకట్లో పనిచేశాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఊరికి మిగిలింది సుమారు 1,003 ఎకరాల మీద పరుచుకున్న 13 సైనైడ్ దిబ్బలు, అంటే 3.3 కోట్ల టన్నుల వ్యర్థం, ఎండాకాలం గాలికి లేచే దాని ధూళి. 2024 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఆ దిబ్బలనూ మళ్ళీ తవ్వడానికి పచ్చజెండా ఊపింది. తీసుకున్నవాళ్ళను ఎప్పుడూ లెక్క అడగలేదు, అనుభవించినవాళ్ళకు ఎప్పుడూ లెక్క చెప్పలేదు. ఆ పద్ధతినే ఇప్పుడు కొండలకు పాకించారు. బంగారం భూమి కడుపులోది. కొండ మాత్రం అందరి కళ్ళ ముందు నిలబడి ఉంది. అది తరిగిపోవడం చూడలేదని ఏ అధికారీ అనలేడు.

30 ఎకరాల రక్షణతో ప్రభుత్వం తన పని ముగిసిందనుకుంటే, పడకగదికి తాళం ఇచ్చి వంటిల్లు వేలం వేసినట్టవుతుంది. గబ్బిలం పగలు గుహలో నిద్రపోతుంది, రాత్రి మేతకు బయటికి వెళ్తుంది. దాని మేత గుహ చుట్టూ ఉన్న తుప్పలు, చెట్ల మీద, చెరువు గట్ల మీద ఉంటుంది. పేలుడు కంపనం సర్వే రాళ్ళ దగ్గర ఆగదు, రాతి గుండా పాకుతుంది. ఇదే కొండల వరుసలో అంతరగంగ గుహల్లోకి వారాంతాల్లో రాత్రిపూట ట్రెక్కింగులు నడిపి, నెగళ్ళు వేసే వ్యాపారాన్ని అదుపు చేయకుండా రక్షణ గురించి మాట్లాడటమూ అసంబద్ధమే.

చేతకాదన్న సాకు కూడా చెల్లదు. 1900 తర్వాత కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల అడవిలో మళ్ళీ దొరికింది. దాని కోసం అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మారింది. రామనగరం కొండను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది కర్ణాటక ప్రభుత్వమే. కోలారు పక్కనే, దేవనహళ్ళి దగ్గర నల్లూరు చింతతోపును 2007లో దేశంలోనే తొలి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తించింది కూడా ఇదే రాష్ట్రం. దానికి ఆధారం 2002 నాటి జీవవైవిధ్య చట్టం 37వ సెక్షను. చింతచెట్లకు దక్కిన గౌరవం హనుమనహళ్ళి కొండకు ఎందుకు దక్కలేదో రాష్ట్ర జీవవైవిధ్య మండలి చెప్పాలి.

కొత్త చట్టాలు అక్కర్లేదు. హనుమనహళ్ళి, తేరహళ్ళి, అంతరగంగ కొండలన్నిటినీ కలిపి ఒకే వారసత్వ స్థలంగా ప్రకటించాలి. ఆ వరుసలో ఇప్పటికే ఇచ్చిన క్వారీ లీజుల గడువు ముగిసినప్పుడు మళ్ళీ పొడిగించకూడదు. కొత్త లీజుకు దరఖాస్తు వస్తే, ఆ ఒక్క సర్వే నంబరును కాక కొండల వరుస మొత్తాన్నీ చూసి గబ్బిలాల, పక్షుల సర్వే చేయించాకే దస్త్రం కదలాలి. ఖరాబు భూముల జాబితాలోంచి ఇలాంటి కొండలను వేరుచేసి, వాటికి ప్రత్యేక వర్గం కల్పించడం రెవెన్యూ శాఖ బాధ్యత. తేరహళ్ళి ఎలా ఖాళీ అయిందో, ఏ శాఖ ఎప్పుడు ఏం చేయలేదో అటవీశాఖ ఒక శ్వేతపత్రంలో ప్రజల ముందు పెట్టాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ శాసనసభలో ఓటింగు కోసం ఎదురుచూసేది కాదు. జిల్లాధికారి, గనుల శాఖ డైరెక్టరు, అటవీశాఖ ప్రధాన సంరక్షణాధికారి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటే ఒక్క సాయంత్రంలో తేలిపోయేవి. వచ్చే లీజు దస్త్రం మీద ఎవరు ఏమని సంతకం చేస్తారో కోలారు ప్రజలు పేర్లతో సహా అడిగి తెలుసుకోవాలి.